బట్ట కప్పకముందు
(షోలాపూరులో మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ భవనము వెనుకనున్న రేకుల షెడ్డును తమ కిప్పించవలెనని తొమ్మండుగురు యువకులు సంతకములు చేసి కార్యవర్గమునకు అర్జీ పెట్టుకొనిన సంగతి మీ కందరకు తెలిసినదే. ఆ షెడ్డులో ఏమి చేయుదురని అడుగగా, ఒక్కరు మాత్రమే కూర్చొని ఎగురుటకు వీలైన చిన్న విమానమును, పాతకాలపు విమానమొకదాని పోలికలో, తమ చేతులతోనే నిర్మించెదమని చెప్పిరి. అర్జీ చదివి వినిపించినపుడు నవ్వనివారు లేరు. వెనుక వరుసలోని ఒక అవ్వగారు, "ఒక్కడు కూసుండే గాలిమోటరుకు గిన్ని పైసలా బిడ్డా? గా పైసలతోటి రెండు మగ్గాలు రావా?" అని అడిగిరి. ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. గాలిమోటరు అను మాట విని పిల్లలు కొందరు ముసిముసి నవ్వులు నవ్విరి గాని, నిఘంటువులలోని మాటలకంటె అదియే ఆ వస్తువునకు తగిన పేరని మా అభిప్రాయము.

నవ్వి త్రోసివేయుటకు ముందు అది ఎట్టి పనియో, అపాయ మెక్కడ నున్నదో, మన చేతనగున దెంతయో విచారించి చెప్పుమని కార్యవర్గము మాకు అప్పగించినది. మేము మెట్రిక్ వరకు చదివి బట్టల వ్యాపారములో ప్రవేశించినవారము, ఇంజనీరులము కాము. గజకఱ్ఱ, త్రాసు, బట్ట, ఈ మూడింటి మర్యాద మాత్రము మాకు తెలియును. చిత్రమేమనగా, ఆ చిన్న విమానపు సంగతి సగమునకు పైగా ఈ మూడింటిలోనే యున్నది.

యువకులు ఎన్నుకొనిన నమూనా పేరు ఐజాక్స్ ఫ్యూరీ. దానిని రూపొందించిన జాన్ ఐజాక్స్ అను ఆంగ్లేయుడు మొదట సూపర్‌మెరీన్ విమాన కర్మాగారమున పనిచేసి, తరువాత బడిపంతులైనవాడు. 1931లో బ్రిటిషు వైమానిక దళమున చేరిన హాకర్ ఫ్యూరీ అను యుద్ధ విమానము ఆయన కాదర్శము. సిడ్నీ కామ్ రూపకల్పన చేసిన ఆ విమానము, ఎత్తు మారకుండ ఎగురునపుడు గంటకు 200 మైళ్లు దాటిన ఆ దళపు మొదటి యుద్ధ విమానమని ప్రసిద్ధి పొందినది. ఒకదానిపై నొకటిగా రెండు జతల రెక్కలు, సూది మొన వంటి ముక్కు, చూడ ముచ్చటైన ఆకారము. దానిని పదింట ఏడు వంతులకు తగ్గించి, లోహమునకు బదులు కొయ్యతో ఐజాక్స్ పంతులు నిర్మించిన విమానము 1963 ఆగస్టు 30వ తేదీన మొదటిసారి ఎగిరినది. కొయ్య పని యంతయు ఆయన స్వంత కల్పన కాదు. 1937లో ఇంగ్లండులోనే క్యూరీ వాట్ అను చిన్న విమానములు రెండు నిర్మింపబడి, 1940లో శత్రువుల బాంబుదాడిలో నాశనమైనవి. 1958లో మరల ఆ నమూనాకు ప్రాణము పోసిరి. ఆ ఎముకల గూడునే మన పంతులు ఆధారము చేసికొనెను. తెలిసిన గూటిపై తనకు ప్రియమైన రూపమును తొడిగినాడన్న మాట. తరువాత ఆయన స్పిట్‌ఫైర్‌ను కూడ పదింట ఆరు వంతులకు తగ్గించి 1975లో ఎగురవేయించెను. ఆ పటములను కొనుక్కొని పలు దేశములలో సామాన్యులు తమ ఇండ్లలో ఈ విమానములు కట్టుకొనిరి.

పదింట ఏడు వంతులు అనుమాట వినుటకు సులభముగా నున్నది. దర్జీవాడు పెద్దవాని చొక్కాను చూచి పిల్లవానికి కుట్టినట్లు అనిపించును. కాని లెక్క అట్లుండదు. పొడవు పదింట ఏడు వంతులైనచో వైశాల్యము నూరింట 49 వంతులు మాత్రమే యగును. ఘనపరిమాణము వేయింట 343 వంతులకు దిగిపోవును. అసలు ఫ్యూరీ రెక్కల వైశాల్యము 252 చదరపు అడుగులు. చిన్నదానికి సుమారు 124. అసలుదాని పూర్తి బరువు 3,490 పౌనులు. చిన్నదాని బరువు 1,000 పౌనులకు మించకూడదు. ఇంజనుశక్తి 525 గుఱ్ఱముల నుండి సుమారు 65 గుఱ్ఱములకు తగ్గినది. తరువాతి కాలమున 125 గుఱ్ఱముల ఇంజను అమర్చి గంటకు సుమారు 115 మైళ్ల వేగమును సాధించిరి.

అన్నియు తగ్గినవి. తగ్గనివాడు మనిషి యొక్కడే. 170 పౌనులు తూగు మనిషి అసలు విమానమున మొత్తము బరువులో ఇరువదవ వంతు. చిన్న విమానమున ఆరవ వంతు. అతని మోకాళ్లను పదింట ఏడు వంతులకు తగ్గించుట ఏ పంతులకును సాధ్యము కాదు. కావున కూర్చొనుచోటు, పీట ఎత్తు, కాళ్లు చాచుకొను జాగా, ఇవన్నియు పటమున వేరుగా లెక్కించి వేయవలసి వచ్చును. నకలు తీయువానికి ఏది తగ్గించవచ్చునో, ఏది తగ్గించరాదో తెలిసి యుండవలెను. తొమ్మండుగురిలో ఇద్దరు ఈ లెక్కను తామే వేసి మాకు చూపిరి. మాకు అర్జీపై గౌరవము కలిగినది అప్పుడే.

విమానమును ఇంటివద్ద కట్టుట పిచ్చివాని పని యని తలచువారికి ఒక మాట చెప్పవలసి యున్నది. మొట్టమొదటి విమానము దుకాణదారులు కట్టినదే. అమెరికాలోని డేటన్ నగరమున సైకిళ్ల వ్యాపారము చేసికొనుచున్న రైట్ సోదరులు 1903 డిసెంబరు 17న ఎగురవేసిన బైప్లేనులో స్ప్రూస్, ఆష్ అను కొయ్యలు, దుకాణములో దొరకు మస్లిన్ బట్ట తప్ప పెద్దగా నేమియు లేదు. దాని 12 గుఱ్ఱముల ఇంజనును వారి దుకాణపు మేస్త్రీ చార్లెస్ టేలర్ చేసి యిచ్చెను. మొదటి ఎగురుడు 12 సెకండ్లు, 120 అడుగులు. మన దేశమున కూడ, చెన్నపట్టణములో మౌంట్ రోడ్డున హోటలు నడుపుకొనుచున్న జాకొమో డాంజెలిస్ అను కార్సికా దేశస్థుడు సింప్సన్ కంపెనీవారి బండ్ల కార్ఖానాలో ఒక బైప్లేను చేయించి 1910లో పల్లావరమున ఎగురవేసెను. తరువాత నగర ప్రజల ముందు ప్రదర్శించెను. గుఱ్ఱపు బండ్లు కట్టు చేతులే ఆ రెక్కలను కట్టినవి. ఆనాడు చెన్నపట్టణమున మనవారు వేలకొలది యుండిరి గదా, ఆ రెక్కలను చూచినవారిలో తెలుగు కన్నులు లేకపోవునా యని మాకు అప్పుడప్పుడు తోచుచుండును.

రెండు జతల రెక్కలు ఎందుకని అడుగువారు కలరు. ఒకే రెక్కను పొడవుగా చేసినచో, దానిని విరగకుండ నిలుపుటకు బలమైన దూలము కావలెను, దూలము బరువు. రెండు పొట్టి రెక్కలను ఒకదానిపై నొకటి నిలిపి, నడుమ కఱ్ఱలు పెట్టి, మూలనుండి మూలకు ఉక్కు తీగెలు బిగించినచో, పలుచని కొయ్యయే గట్టి పెట్టెవలె నిలుచును. రైలు వంతెనల మర్మమే ఇది. ఈ పద్ధతిని గాలిలోనికి తెచ్చినవాడు వంతెనల ఇంజనీరైన ఆక్టేవ్ షనూట్. 1896లో ఆయన తన గ్లైడరున దీనిని వాడెను. నష్టము కూడ లేకపోలేదు. తీగెలును, కఱ్ఱలును గాలికి అడ్డుతగిలి వేగమును తినివేయును. వేగము కావలసినవారు కాలక్రమమున ఈ పద్ధతిని విడిచిరి. చిన్న షెడ్డులో చిన్న పనిముట్లతో కట్టుకొనువారికి మాత్రము నేటికిని ఇది అనుకూలమే.

ఇక బట్ట. ఈ భాగము చదువునపుడు మాకు నిద్ర పట్టలేదు. మీలో మగ్గమెరిగిన పెద్దలు శ్రద్ధగా వినవలెనని ప్రార్థన.

రైట్ సోదరులు మస్లినును పడుగు వెంబడి గాక ఏటవాలుగా, అనగా పడుగు పేకలు రెండును రెక్కకు మూలవాటుగా వచ్చునట్లు కత్తిరించి అతికిరి. నూలుపోగు పొడవునకు సాగదు. బట్ట మూలవాటుగా సాగును. పోగులను మూలవాటుగా నిలిపినచో బట్టయే ఒక కట్టుతాడువలె రెక్కను పట్టియుంచును. మొదటి ప్రపంచ యుద్ధమున విమానములకు అవిసెనార బట్టను వాడిరి. అది చాలనప్పుడు మన పత్తి బట్టకు పిలుపు వచ్చినది. విమానములకై నేసిన ఆ మెర్సిరైజు పత్తిబట్టకు అంగుళమునకు 80కి తగ్గని పోగులు, పడుగునను పేకనను గూడ. అంగుళము వెడల్పు పట్టీ తీసి లాగినచో క్రొత్త బట్ట 80 పౌనుల బరువు నోర్వవలెను. వాడుకలో చివికి 56 పౌనులకు దిగినచో దానిని ఊడదీసి క్రొత్తబట్ట వేయవలసినదే. బట్ట నాణ్యమును చేతితో నలిపి, నోటితో పొగిడి అమ్ముకొను మాబోటివారికి ఇట్టి పరీక్ష ఒకటి యుండుట సిగ్గు కలిగించును.

కప్పిన బట్టకు డోపు అను ద్రవమును పూయుదురు. అది ఆరుచు బట్టను డప్పు చర్మమువలె బిగించును. ఆ డోపు సెల్యులోజుతో చేసినది. పత్తిగింజలను అంటియుండు నూగునుండియే ఆ సెల్యులోజును తీయుదురు. నూలుబట్టకు నూలునుండి పుట్టినదే గంజి యైనట్లున్నది. ఇందులో నైట్రేటు రకము అగ్గిని చూచిన చాలు, భగ్గుమనును. ఎండయు మరియొక శత్రువు. మన అంగడి ముందు వ్రేలాడదీసిన చద్దరు నెల రోజులలో వెలిసిపోవునట్లే రెక్కమీది బట్టయు లోలోపల చివికిపోవును. అందుకని అల్యూమినియము పొడి కలిపిన పూతను మధ్యలో వేసి ఎండను అడ్డుదురు. నేడు పత్తికి బదులు పాలియెస్టరు వచ్చినది. దానిని జిగురుతో అతికి, వేడిమి సరిచూచిన ఇస్త్రీపెట్టెతో రుద్ది బిగించుదురు. 350 డిగ్రీల ఫారెన్‌హీటు దాటరాదు. దాటినచో పోగు సడలును. తరువాత పొడవాటి సూదితో, మైనము పట్టించిన దారముతో, రెక్క పైనుండి క్రిందికి గుచ్చి, ప్రతి పక్కటెముకకు బట్టను ముడివేసి కట్టుదురు. ముడికిని ముడికిని ఎడము పటములో నిర్ణయింపబడియే యుండును. ఈ కుట్టుపని యుద్ధకాలమున ఎక్కువగా స్త్రీలు చేసిరి. మన తల్లులలో ఆ చేతిపని ఎందరికి రాదు?

ఇంతకును మేము చెప్పదలచిన ముఖ్య విషయము ఈ బట్ట క్రింద నున్నది.

రెక్క లోపల రెండు పొడవాటి దూలములు, వాటికి అడ్డముగా పక్కటెముకలు. ఒక్కొక్క పక్కటెముకయు పెన్సిలంత లావు గల పుల్లలను వంచి, కూడలియందు ప్లైవుడ్ ముక్కలు అతికి చేసినది. నూరులకొలది అతుకులు. జిగురు ఎండ వేళ త్వరగా ఆరిపోయినను, కొయ్య తడిగా నున్నను, చేతికంటిన నూనె అతుకునకు తగిలినను, పైకి చక్కగా కనబడుచునే లోపల పట్టు లేకుండును. బట్ట కప్పి రంగు వేసినపిమ్మట దానిని ఏ కన్నును చూడలేదు. అందుచేత విమానమును స్వయముగా కట్టుకొను దేశములలో ఒక కట్టుబాటున్నది: మూయవలసిన ఏ భాగమునైనను మూయకముందు మరియొకనికి చూపవలెను. ఇంగ్లండులో 1946లో ఏర్పడి, 2008 నుండి లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అను పేరుతో నడచుచున్న సంఘమునకు ఇన్‌స్పెక్టర్లు కలరు. వారు వచ్చి చూచి సంతకము చేసిన తరువాతనే బట్ట కప్పుదురు. అమెరికాలో 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీలో స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ సభ్యులు తోటివారి పనిని చూచి సలహా చెప్పుదురు. ఈ రెండును ప్రభుత్వ కార్యాలయములు గావు. మన సంఘము వంటి సంఘములే.

వ్యాపారమున మడత లోపలి చిరుగును దాచి అమ్మినవాడు తిట్లు తినును. కొన్నవాడు వేరొక బట్ట కొనుక్కొనును. రెక్క లోపలి చిరుగునకు తిరిగి ఇచ్చు పద్ధతి లేదు. కాబట్టి యువకులను మేము అడిగిన మొదటి ప్రశ్న, ఇంజను ఎక్కడ కొందురని గాని, పైకము ఎవరిత్తురని గాని కాదు. మీ అతుకును చూచువా డెవడని అడిగితిమి. వారు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. "మేమే చూచుకొందుము" అని ఒకడు అనెను. అది చాలదు. కట్టినవాని కన్ను తన అతుకును ప్రేమతో చూచును.

త్రాసు సంగతియు కొంచెము చెప్పవలెను. కట్టుట పూర్తియైన పిమ్మట విమానపు మూడు చక్రముల క్రిందను మూడు త్రాసులు పెట్టి తూచుదురు. ఒక్కొక్క త్రాసు చూపిన బరువును దాని దూరముతో హెచ్చించి, మొత్తమును కూడి, పూర్తి బరువుతో భాగించినచో బరువు నడిమిచోటు తెలియును. అది రెక్కల క్రింద నియమింపబడిన కొద్ది అంగుళముల హద్దులో నుండవలెను. వెనుకకు జరిగినచో విమానము చోదకుని మాట వినదు. తక్కెడ కోల నెరిగినవారికి ఇందు వింత లేదు. తోకవైపు 15 అడుగుల దూరమున 10 పౌనులు అధికముగా రంగో జిగురో పూసినచో, దానిని సరిచేయుటకు ముక్కువైపు 3 అడుగుల దూరమున 50 పౌనులు పెట్టవలసి వచ్చును. పాత విమానమునకు నకలు తీయువారిని బాధించు చిక్కు ఇదియే: పాత ఇంజను బరువైనది, క్రొత్తది తేలికైనది, తేలికైనదానిని ఇంకను ముందునకు జరిపిన గాని కోల నిలువదు. అందము కొరకు ముక్కు పొట్టిగా నుంచెదనన్నచో త్రాసు ఒప్పుకొనదు.

చట్టము మాటకు వత్తము. అమెరికాలో సగమునకు మించిన పనిని తన విద్య కొరకో వినోదము కొరకో తానే చేసినవానికి ఒక తరగతి అనుమతి యిత్తురు. తరువాత జనావాసములకు దూరముగా సాధారణముగా 25 గంటలో 40 గంటలో ఎగిరి చూపవలెను. మన దేశమున పౌర విమానయాన డైరెక్టరేటు అనుమతి లేనిదే మనిషిని మోయు విమానమేదియు నేల విడువరాదు. ఆ అనుమతి తేలికగా వచ్చునది కాదు. మన రాష్ట్రమున ముంబయిలోనే, కాందివలీలో తాముండు భవనపు డాబాపై ఆరుగురు కూర్చొను విమానమును నిర్మించిన అమోల్ యాదవ్ గారు స్వయముగా విమాన చోదకులు. వారి విమానము 2016 ఫిబ్రవరిలో ముంబయి ప్రదర్శనలో జనులకు కనబడినది, 2017లో రిజిస్టరైనది, ఎగిరి చూచుటకు అనుమతి 2019లో వచ్చినది. వారి యోపిక మెచ్చదగినదే. మన పిల్లలు చోదకులు గారు. కావున షెడ్డునుండి ఏదియు ఎగురదని, ఎగురుటకు ప్రయత్నింపబడదని మేము ఈ సభాముఖమున స్పష్టముగా చెప్పుచున్నాము. తల్లిదండ్రులు నిశ్చింతగా నిద్రపోవచ్చును.

అట్లైన షెడ్డు ఇచ్చుట ఎందుకని అడుగుదురు. మన తాతలు తెలంగాణమునుండి ఈ ఊరికి మగ్గమును నమ్ముకొని వచ్చిరి. చేమగ్గము తెలిసిన పెద్దలు నేటికిని మన వాడలలో నున్నారు. వారి చేతులకు పని లేదు. పిల్లలకు చదువున్నది, చేతులతో పనిచేయు అలవాటు లేదు. పిల్లలు ఇండ్లలో తెలుగు మాటలాడుదురు గాని పడుగన నేమి, పేక యన నేమి అని అడిగినచో తెల్లబోవుదురు. వీరిద్దరిని ఒకే బల్లవద్ద నిలుపు పని మరియొకటి ఇన్నేండ్లలో మాకు కనబడలేదు. అర్జీ తెలుగులోనే వ్రాసి తెచ్చిరని కూడ మనవి చేయుచున్నాము. తప్పులు పదునాలుగు ఉన్నవి. ఎఱ్ఱసిరాతో దిద్ది తిరిగి యిచ్చితిమి.

కార్యవర్గము తరఫున మేము ప్రతిపాదించున దిది. షెడ్డును ఒక సంవత్సరము పాటు ఇత్తము. మొదటి ఆరు నెలలలో ఒక్క రెక్క మాత్రము, అదియును ఒక్క పక్కటెముకతో మొదలుపెట్టి చేయవలెను. ఆ పక్కటెముకను బల్లపై బోర్లించి ఇసుక సంచులు పేర్చి, ఎంత బరువునకు విరిగెనో తూచి పుస్తకమున వ్రాయవలెను. విరుగగొట్టుటకై మూడు చేయవలెను. ఏ అతుకునైనను ప్లైవుడ్ మూయకముందు వడ్రంగము తెలిసిన పెద్ద యొకరు చూచి సంతకము పెట్టవలెను. ఆ పెద్ద ఈ తొమ్మండుగురికి బంధువై యుండరాదు. రెక్క సిద్ధమైన పిమ్మట బట్ట కప్పు పనికి అవ్వగారినే అధ్యక్షురాలిగా నుండుమని వేడుకొందుము. రెండు మగ్గముల ఖరీదులో ఎంత మిగిలినదో ఆమెయే లెక్క అడుగుదురు గాక. నైట్రేటు డోపు షెడ్డులోనికి రారాదు. పాలియెస్టరును ఇస్త్రీతో బిగించుట చాలును. ఇసుక బకెట్లు నాలుగు, నిప్పునార్పు సిలిండరు రెండు తలుపువద్ద ఎల్లప్పుడు నుండవలెను. ఖర్చులో సగము యువకులు సంపాదించుకొనవలెను. మిగిలిన సగమునకు సంఘ నిధినుండి ఈ సభ అనుమతి కోరుచున్నాము. రెక్కను చూచిన తరువాత గూడు కట్టుట, ఇంజను కొనుట, చట్టపు అనుమతికి వ్రాసికొనుట వేరుగా ఆలోచింతము.

షెడ్డులో ప్రస్తుతము పెండ్లి వంట పాత్రలును, విరిగిన కుర్చీలును ఉన్నవి. వానిని ఎక్కడికి మార్చవలెనో నిర్ణయించినచో, తాళపుచెవిని వచ్చు ఆదివారము ఉదయము అప్పగింతము.